చాలునని ఆగని దైవజనుడు: డోర్నకల్ బిషప్ అజరయ్యగారి జీవితము

ధ్యాన భాగము: ఫిలిప్పీయులకు 3:12–16



పౌలు ఫిలిప్పీ సంఘమునకు ఈ పత్రిక వ్రాయునాటికి క్రొత్త విశ్వాసి కాడు. సముద్రములు దాటి, దెబ్బలు తిని, పట్టణ పట్టణమున సంఘములు స్థాపించి, చివరకు బంధకములలో కూర్చుండి వ్రాయుచున్నాడు. నా వంతు ముగిసినది, ఇక చాలును అనుటకు ఎవరికైనను హక్కున్నయెడల అది ఆయనకే ఉండవలెను. కాని ఆయన తన పరుగు ఇంకను ముగియలేదని చెప్పుచున్నాడు. గడచిన పనిని లెక్కించుకొనుచు కూర్చుండుటకు ఆయనకు మనస్సు లేదు. తనను పట్టుకొనిన క్రీస్తును తానింకను పూర్తిగా పట్టుకొనలేదని ఆయన ఎరుగును.

మన గ్రామసంఘములను చూడుడి. మన తాతలు, ముత్తాతలు బాప్తిస్మము పొందిరి. మనము క్రైస్తవులముగా పుట్టితిమి. మందిరమున్నది, గంట ఉన్నది, క్రిస్మసునకు రంగులు వేయుదుము, ఆదివారము కానుక వేయుదుము. ఇంతటితో చాలునను తృప్తి మెల్లమెల్లగా మన ఎముకలలోనికి దిగినది. ఈ తృప్తి పాపమువలె కనబడదు గనుక దానిని గూర్చి ఎవరును పశ్చాత్తాపపడరు. త్రాగుబోతును మందలింతుము గాని, ఇరువది ఏండ్లనుండి ఒక్క అడుగైనను ముందుకు వేయని విశ్వాసిని సంఘపెద్దగా ఎన్నుకొందుము.

కావున ఈ నెల మన పొరుగునే జీవించి, మన పొరుగునే నిద్రించిన ఒక దైవజనుని జీవితమును తలంచుకొందము. సూర్యాపేటనుండి ఖమ్మము మీదుగా వెళ్లినయెడల డోర్నకల్ మనకు ఒక పూట ప్రయాణము. అచ్చటి మొదటి బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. ఆయన పేరు మన పెద్దలలో అనేకులకు తెలియును. ఆ పేరు వెనుకనున్న నడక మాత్రము మన పిల్లలకు తెలియదు.

వారసత్వముగా వచ్చిన విశ్వాసము

అజరయ్యగారు 1874 ఆగస్టు 17వ తేదీన తమిళదేశములో, తిరునెల్వేలి ప్రాంతమందలి వెల్లాలన్‌విలై అను చిన్న గ్రామమున జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయగంగారు ఆ గ్రామసంఘ కాపరి. తల్లి ఎలెన్ అమ్మగారు. అనగా ఆయనయు మనలో అనేకులవలెనే క్రైస్తవ గృహమున పుట్టి, ప్రార్థనలు వినుచు పెరిగినవారు. విగ్రహములను విడిచి వచ్చిన అనుభవము తండ్రిది. కుమారునికి విశ్వాసము ఇంటి ఆస్తివలె చేతికి వచ్చినది. ఇట్లు వచ్చిన దానిని పెట్టెలో దాచుకొనువారు కొందరు, ఖర్చుచేసి పోగొట్టుకొనువారు కొందరు, విత్తనమువలె విత్తువారు కొందరు. అజరయ్యగారు మూడవ తెగకు చెందినవారు.

ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి. కడపటి పరీక్ష సమయమున జబ్బుచేసినందున పట్టము చేతికి రాలేదు. పట్టము లేదని క్రుంగిపోలేదు. 1895లో వై.యం.సి.ఏ. అను క్రైస్తవ యువజన సమాజమునకు కార్యదర్శియై దక్షిణ భారతదేశమంతట తిరిగి యౌవనులకు వాక్యము బోధించుచుండిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ అను భక్తురాలిని వివాహమాడిరి. ఆ దినములలో కళాశాల చదువు చదివిన క్రైస్తవ స్త్రీలు దక్షిణదేశమున బహు కొద్దిమంది. ఆమె వారిలో ఒకరు. మంచి ఉద్యోగము, మంచి పేరు, మంచి గృహము ఏర్పడెను. మనుష్యుడు సాధారణముగా ఆగిపోవు స్థలము ఇదియే.

యాళ్పాణములో కలిగిన సిగ్గు

1902లో ఆయన లంకద్వీపమునందలి యాళ్పాణమునకు వెళ్లిరి. అది జాఫ్నా అని కూడ పిలువబడును. అచ్చటి తమిళ క్రైస్తవులు గొప్ప ధనవంతులు కారు, వారి సంఘమును అంత పెద్దది కాదు. అయినను వారు తమ కానుకలతో, తమవారినే సేవకులుగా సముద్రము దాటించి తమిళదేశపు తీరమునకు పంపుచుండిరి. దీనిని చూడగానే అజరయ్యగారి హృదయములో ముల్లు గుచ్చుకొనెను. తిరునెల్వేలి సంఘమునకు నూరేండ్లకు పైబడిన చరిత్ర కలదు. వేలకొలది విశ్వాసులు, ఎత్తైన మందిరములు, పాఠశాలలు, స్వదేశ కాపరులు కలరు. అంతయు ఉన్నది గాని, సువార్త వినని జనులయొద్దకు తమంతట తాము పంపిన ఒక్క సేవకుడును లేడు. విదేశస్థులు తెచ్చి ఇచ్చిరి, వీరు పుచ్చుకొని కూర్చుండిరి.

మన ప్రాంత రైతులకు ఈ సంగతి చక్కగా బోధపడును. సాగర్ ఎడమకాలువ నీరు తూముదగ్గర పొలములకు ముందుగా చేరును. పై రైతు తన మడి నిండగానే గట్టు తెంపి క్రిందికి విడిచినయెడల చివరి భూములు పండును. నా మడి నిండినది, ఇక నాకేమి అని గట్టు కట్టి నిద్రించినయెడల క్రింది పైరు ఎండిపోవును. కదలక నిలిచిన నీటిలో పై పైరును కుళ్లిపోవును. తిరునెల్వేలి సంఘము నిండిన మడివంటిదై యుండెను. గట్టు తెంపవలసిన సమయము వచ్చెనని అజరయ్యగారు గ్రహించిరి.

తిరిగివచ్చి స్వదేశ సంఘమును మేల్కొలిపిరి. 1903 ఫిబ్రవరి 12వ తేదీన పాళయంకోటలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపింపబడెను. పనివారు, ధనము, నిర్వహణ అన్నియు ఈ దేశపు క్రైస్తవులవే కావలెనను నియమముతో అది ఆరంభమయ్యెను. వారు ఎన్నుకొనిన క్షేత్రమేది? మన తెలుగుదేశమే! నిజాము రాజ్యమున డోర్నకల్ చుట్టుపట్లనున్న పల్లెలు. మనకు సువార్త తెచ్చినవారందరు ఓడలలో వచ్చినవారే అని కొందరు తలంతురు. రైలుబండిలో తమిళదేశమునుండి వచ్చిన గోధుమవర్ణపు సేవకులును కలరని మన పిల్లలకు చెప్పవలెను.

1905 డిసెంబరు 25వ తేదీన శ్రీరాంపురములో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపింపబడినప్పుడును ఆయన ముఖ్యులలో ఒకరుగా నుండి దాని కార్యదర్శియైరి. ఇప్పటికి రెండు మిషను సంఘములు ఆయన ప్రయాసవలన లేచెను. ఇది చాలదా?

పంపువాడు తానే వెళ్లుట

చాలలేదు. వెళ్లుడి, వెళ్లుడి అని యౌవనులతో చెప్పుచు తాను మద్రాసులో నిలిచియుండుట ఆయనకు తగినదిగా తోచలేదు. 1909లో కార్యదర్శి పదవిని విడిచి, ఆ సంవత్సరమే గురువుగా అభిషేకము పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరిరి. అప్పటికి ఆయనకు ముప్పదియైదేండ్లు. భాష రాదు. గొప్ప సభలలో ఇంగ్లీషున, తమిళమున మాటలాడిన నోరు, పల్లెపిల్లలవలె అ ఆలతో ఆరంభింపవలసి వచ్చెను. డోర్నకల్ ఆ దినములలో అడవులకు చేరువనున్న ఒక చిన్న రైలు కూడలి. పెద్ద నగరములోని గౌరవమును విడిచి, పేరు తెలియని పల్లెకు, తెలియని భాషకు దిగివచ్చుట లోకము దృష్టికి వెనుకకు నడచుట. దేవుని దృష్టికి అది ముందుకు నడచుటయే.

మరుసటి సంవత్సరము, అనగా 1910లో, స్కాట్లండు దేశమందలి ఎడింబరో పట్టణమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. అజరయ్యగారికి మాటలాడు అవకాశము లభించెను. విదేశ మిషనరీల త్యాగములకు కృతజ్ఞత తెలుపుచునే, భారతీయ సేవకులను క్రింది పనివారిగా గాక సమానులుగాను స్నేహితులుగాను ఎంచవలెనని ఆయన సూటిగా కోరిరి. సభలో అనేకులకు ఆ మాట రుచింపలేదు. మెప్పుదల కోరువాడు అట్టి చోట తీయని మాటలు చెప్పి కూర్చుండును. సంఘము ఎదుగవలెనని కోరువాడు సత్యమును ప్రేమతో చెప్పును.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన డోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘమున భారతీయుడు బిషప్పగుట అదియే మొదలు. ఒక భారతీయుడు తెల్లవారిపై అధికారము చేయగలడా అని సందేహించినవారు, అడ్డుచెప్పినవారు చాలమంది యుండిరి. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్‌గారు ఆయన పక్షమున నిలిచిరి. ముప్పదియెనిమిదేండ్ల ప్రాయమున, పట్టము లేని పల్లె కాపరి కుమారుడు ఆ పీఠమునకు ఎక్కెను.

పీఠము మీద కూర్చుండని బిషప్పు

పదవి వచ్చిన తరువాత విశ్రమించువారు కలరు. అజరయ్యగారి అసలు పని అప్పుడే మొదలయ్యెను. ఎడ్లబండి ఎక్కి పల్లె పల్లెకు తిరిగిరి. ఆయన మందలో అధికులు మాల, మాదిగ పేటలలోని కూలిజనులు. చదువు లేనివారు, అప్పులలో మునిగినవారు, ఊరి చివర త్రోసివేయబడినవారు. వీరికి బాప్తిస్మమిచ్చి లెక్కవ్రాసికొనినచో చాలునని ఆయన తలంపలేదు. బాప్తిస్మము ప్రయాణమునకు ఆరంభమే గాని మజిలీ కాదని బోధించిరి.

ఆయన ఒక ఆచారమును నేర్పిరి. బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తలపై ఉంచుకొని, సువార్త ప్రకటింపకున్నయెడల తమకు శ్రమ కలుగునని పౌలు కొరింథీయులకు వ్రాసిన మాటను, మొదటి పత్రిక 9:16లోనిదానిని, తమ మాటగా ఒప్పుకొనవలెను. చదువురాని కూలివాడును, ముసలమ్మయు దీనిని పలికెడివారు. ప్రతి సంవత్సరము ఒక సాక్ష్యవారము నియమించిరి. ఆ వారమున సంఘమంతయు, కాపరి మాత్రమే గాక, చుట్టుపట్ల గ్రామములకు వెళ్లి తమ ప్రభువును గూర్చి చెప్పవలెను. జీతము పుచ్చుకొను బోధకుడొక్కడే సాక్షి, మిగిలినవారు వినువారు అను తలంపును ఆయన కదిలించివేసిరి.

ఇచ్చుట విషయములోను అట్లే. పేదవారు గనుక పుచ్చుకొనుటకే తగినవారని ఆయన ఒప్పుకొనలేదు. గృహిణి పొయ్యిమీద ఎసరు పెట్టి బియ్యము కొలుచునప్పుడు దేవునికని పిడికెడు వేరు చేయుటను, కోతకాలమున ప్రథమఫలములు తెచ్చుటను ప్రోత్సహించిరి. క్రైస్తవ దానమును గూర్చి ఒక పుస్తకమే వ్రాసిరి. ఇచ్చు చేయి గల సంఘము తలయెత్తి నడచునని ఆయన ఎరుగును.

సేవకుల తర్ఫీదు విషయములో ఆయన ముందుచూపు గొప్పది. బోధకుడగువాడు చదివి, అతని భార్య ఏమియు ఎరుగక యున్నచో పల్లెలో సగము పని నిలిచిపోవును. కావున భార్యలకును చదువు, శుభ్రత, వాక్యబోధ నేర్పు ఏర్పాటు డోర్నకల్‌లో చేయబడెను. అన్బు అమ్మగారు ఇందు భర్తకు కుడిచేయియై యుండిరి. 1924 నాటికి ఆ మండలములో గురువులైన భారతీయులు 53 మంది యుండిరి. మచిలీపట్టణము మొదలగు కృష్ణా ప్రాంత సంఘములును ఆ మండలమున కలిపి అప్పగింపబడెను. 1941 నాటికి డోర్నకల్ మండల క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను.

సంఖ్యకంటె విలువగలది మరియొకటి కలదు. మాలలు, మాదిగలు ఒకరినొకరు అంటని ఆ దినములలో, ప్రభువు బల్లయొద్ద రెండు పేటలు లేవని ఆయన పట్టుబట్టి బోధించిరి. ఈ పోరాటములో ఆయనకు సులువుగా జయము కలుగలేదు. జీవితాంతము పోరాడవలసి వచ్చెను. త్రాగుడు మానిన ఇండ్లను, శుభ్రమైన వాకిండ్లను, అక్షరము నేర్చిన పిల్లలను చూచి, ఈ జనులను మార్చిన దేవుడెవడని పై కులములవారు విచారించుట మొదలాయెను. 1930ల నాటికి వారిలోనుండియు కొందరు విశ్వసించి సంఘమున చేరిరి. గొప్ప వాదములవలన గాక, మారిన బ్రదుకులవలన ఇది జరిగెను.

కడవరకు సాగిన పరుగు

1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టమునిచ్చెను. చిన్ననాట పరీక్షవేళ తప్పిపోయిన పట్టమునకు బదులుగా దేవుడు ఇంతటి గౌరవమును అనుగ్రహించెను. ఆయన మాత్రము తిరిగివచ్చి మరల పల్లెబాట పట్టిరి.

డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్ ఎన్నో సంవత్సరముల ప్రయాసవలన పూర్తియై 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడెను. మీలో చూచినవారు కలరు. అందులోని స్తంభములు దేవాలయ మండపమును, గుమ్మటములు మసీదును జ్ఞాపకము చేయును. ఈ దేశపు కళను ఈ దేశపు ప్రభువు పాదములయొద్ద ఉంచవలెనని ఆయన కోరిక. అంత అందమైన మందిరము కట్టిన తరువాతనైనను ఆయన ఆగెనా? లేదు. కట్టడము పూర్తియైనది గాని సంఘము పూర్తికాలేదని ఆయన భారపడుచునే యుండిరి.

ఆ భారము పేరు ఐక్యత. ఒకే గ్రామమున పలు మిషనుల పేరుతో క్రైస్తవులు విడిపోయి, సువార్తకు అడ్డముగా నుండుట ఆయనకు దుఃఖకరముగా నుండెను. 1919 మే నెలలో తరంగంబాడిలో కూడిన సభలో సంఘైక్యత కొరకు పిలుపునిచ్చిన నాయకులలో ఆయన ఒకరు. అప్పటినుండి ఇరువదియైదు సంవత్సరములు సభలు, చర్చలు, ఆటంకములు, నిరాశలు. ఒక తలుపు మూయబడగా మరియొక తలుపు తట్టిరి. 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. ఐక్యత ఆయన కన్నులు చూడలేదు. సుమారు రెండు సంవత్సరముల తొమ్మిది నెలల తరువాత, 1947 సెప్టెంబరు 27వ తేదీన, మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ప్రారంభింపబడెను. మోషే కొండమీదనుండి చూచిన దేశమున యెహోషువ కాలుమోపినట్లు, ఆయన నాటిన చెట్టు ఫలమును ఇతరులు తినిరి. గురియొద్దకు పరుగెత్తువాడు తన కన్నుల ఎదుట ఫలము కనబడినను, కనబడకున్నను పరుగు మానడు.

మన సంగతి ఏమి?

ప్రియులారా, అజరయ్యగారి జీవితమంతటిలో ఒక్క సంగతి నా మనస్సును పట్టుకొనుచున్నది. ఆయన ఆగుటకు అయిదారు మంచి స్థలములు దొరికెను. మంచి ఉద్యోగము దొరికినప్పుడు, సొసైటీ స్థాపించినప్పుడు, బిషప్పైనప్పుడు, డాక్టరు పట్టము వచ్చినప్పుడు, మందిరము కట్టినప్పుడు. వీటిలో ఏ ఒక్కటియు చెడ్డది కాదు. చెడ్డ స్థలమున ఆగినవాడు ఒకనాడు లేచి బయలుదేరును; మంచి స్థలమున ఆగినవాడు అదియే ఇల్లు అనుకొనును. ఇశ్రాయేలీయులలో రెండు గోత్రములు యొర్దానుకు ఈవలనే మంచి పచ్చికబయళ్లు చూచి ఆశపడినప్పుడు మోషే వారిని ఏల గద్దించెనో సంఖ్యాకాండము 32వ అధ్యాయములో చదువుడి. పచ్చిక మంచిదే. సహోదరులు ఇంకను యుద్ధములో నుండగా తాము కూర్చుండుటయే తప్పు.

నిడమనూరు చుట్టుపట్లనున్న మన సంఘములు ఇప్పుడు ఏ పచ్చికలో కూర్చున్నవో పరీక్షించుకొందము. మన తాతలు రాత్రిబడిలో దీపము వెలుతురున అక్షరములు కూడబలుకుకొని బైబిలు చదువ నేర్చిరి. మన ఇండ్లలో బైబిళ్లు మూడు నాలుగు ఉన్నను తెరచునది ఆదివారమే. వారు కాలినడకను పొరుగూరికి పోయి సాక్ష్యమిచ్చిరి. మనకు మోటారుబండ్లు ఉన్నను పొరుగువాకిలికి పోము. ప్రభువు బల్లయొద్ద ఒకటిగా కూర్చుండువారము, పెండ్లి భోజనమునకు వేరు పంక్తులు వేయుచున్నామా? మందిరమునకు రంగు వేయుటకు చందా ఎత్తుదుము. అప్పుల భారమున క్రుంగిన విశ్వాసి ఇంటిని ఎందరము తట్టితిమి?

నిరాశపడకుడి. అజరయ్యగారు ఆరంభించినది గొప్ప ధనముతో కాదు. ఇతరుల విశ్వాసమును చూచి సిగ్గుపడిన ఒక హృదయముతో. అట్టి పరిశుద్ధమైన సిగ్గు మనకును కలుగునుగాక. ఈ నెలలో ప్రతి కుటుంబము ఒక్క అడుగు వేయవలెను. సాయంకాల ప్రార్థన మానినవారు తిరిగి మొదలుపెట్టుడి. మాటలు మానిన సహోదరుని ఇంటికి ముందుగా మీరే వెళ్లుడి. పిడికెడు బియ్యపు కుండను మరల పొయ్యిదగ్గర ఉంచుడి. మీ తాతగారు ఏలాగు విశ్వసించెనో పిల్లలకు చెప్పి, ఆ తరువాత మీరు ఈనాడు ఏలాగు విశ్వసించుచున్నారో కూడ చెప్పుడి. మొదటిది చెప్పుట సులభము. రెండవది చెప్పలేకపోయినయెడల, పిల్లల ఎదుట మౌనముగా నిలువక, ఆ రాత్రియే మోకాళ్లూనుడి.

నీరు మన మడిలో నిలిచిపోవుటకు దేవుడు దానిని పంపలేదు. గట్టు తెంపుదము. క్రింది పొలములు ఎదురుచూచుచున్నవి.

ప్రార్థన: మమ్మును పట్టుకొనిన ప్రభువా, మా పితరుల విశ్వాసమును బట్టి నీకు స్తోత్రము. వారి నీడలో మేము నిద్రింపకుండ మమ్మును లేపుము. నిండినదనుకొనిన మా హృదయములలో నీ ఆకలి పుట్టించుము. మా పాదములను గురివైపు త్రిప్పి, మా చేతులను సహోదరులవైపు చాచి, కడవరకు నడుచు బలమును మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.